రిజర్వ్ గోల్‌కీపర్లు

"నువ్వు వెళ్ళిపోతే ఏ కార్డు ఎక్కడుందో నాకేం తెలుస్తుంది?"

భర్త ఆ మాట అన్నప్పుడు ఆమె సోఫా కింద దుమ్ము తుడుస్తోంది. కోపంగా అన్నా బాగుండేది, తిరిగి ఒక మాట అనడానికి వీలుండేది. ఒళ్ళో ట్రంపెట్ పెట్టుకుని, దాని మీటలు ఒక్కొక్కటే ఊడదీసి నూనె చుక్కలు వేసుకుంటూ, తువ్వాలు ఎక్కడుందని అడిగినంత మామూలుగా అన్నాడు. పదింటికి పత్రికవాళ్ళు వస్తారు. సంగీతం వాయించే ఇంట్లో ఫుట్‌బాల్ కార్డులేమిటని వాళ్ళకి ముచ్చటేసిందట, ఆదివారం పేజీకి రాస్తారట. పన్నెండింటికి ఆమెకి కుర్చీ పరీక్ష.

"పదకొండుకల్లా బయల్దేరాలండీ. నిన్ననే చెప్పాను."

"బయల్దేరు, ఎవరొద్దన్నారు? ఒక్క అరగంట ఉండి వెళ్ళమంటున్నాను."

ఒక్క అరగంట! ఆమె పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఈ ఇంట్లో అన్నీ అరగంట పనులే. అరగంట చొప్పున పోగేస్తే ఒక జీవితం ఎంత సులువుగా అయిపోతుందో ఎవరైనా వచ్చి ఆమెని చూసి నేర్చుకోవచ్చు.

వాద్యబృందంలో వయొలిన్ల మొదటి వరుసలో ఒక కుర్చీ ఖాళీ అయింది. అటువంటి కుర్చీ నాలుగైదేళ్ళకొకసారి ఖాళీ అయితే గొప్ప. పరీక్షంటే మామూలు పరీక్ష కాదు. నల్లటి తెర కట్టి, తెర వెనకాల నిలబెట్టి వాయించమంటారు. పేరు ఉండదు, నంబరే. నడక చప్పుడుకి ఆడో మగో తెలియకూడదని చెప్పులు కూడా విప్పించేస్తారు. లోపలికి వెళ్ళాక మాట్లాడకూడదు, దగ్గినా తప్పే. నంబరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే కొట్టేసి తరవాతి నంబరు పిలుస్తారు, అంతే సంగతులు. ఆమెది ఏడో నంబరు. పదకొండేళ్ళుగా ఆఖరి వరుసలో గోడ పక్కన కూర్చుంటుంది కాబట్టి బృందంలో అందరూ ఆమెని 'చివరి కుర్చీ' అంటారు. ప్రేమగానే లెండి. ప్రేమగా పెట్టిన పేర్లే ఒక పట్టాన వదలవు.

పొద్దున్న లేచినప్పటినుంచీ ఆమెకి రెండు మెతుకులు కూడా దిగలేదు. ఎడమచేతి వేళ్ళు వాటంతటవే చీపురు కర్ర మీద వాయించేస్తున్నాయి. పరీక్షకి వాయించమని ఇచ్చిన స్వరాల్లో నాలుగో పంక్తిలో ఒకచోట చెయ్యి అమాంతం పైకి జరగాలి. పదిసార్లు వాయిస్తే ఎనిమిదిసార్లు సరిగ్గా పడుతుంది, రెండుసార్లు వేలు జారుతుంది. ఆ రెండులో ఒకటి ఇవాళే వస్తే? చేతులు చెమట పడితే? బస్సు దొరక్కపోతే? అరచెయ్యి చీర కొంగుకి తుడుచుకుంది. మళ్ళీ తడి.

అత్తగారు సోఫా మీద కాళ్ళు పైకి ముడుచుకుని ఆమెకి తుడవడానికి చోటిచ్చింది. చెడ్డ మనిషి కాదు. చెడ్డమాట కూడా మెత్తగా అంటుంది.

"పరీక్షలు మళ్ళీ వస్తాయమ్మా, పేపరువాళ్ళు మళ్ళీ వస్తారా? అయినా మొదటి వరుసైనా ఆఖరి వరుసైనా వినేవాళ్ళకి ఒక్కలాగే వినిపిస్తుందిగా!"

అది ఆమెకి బాగానే గుచ్చుకుంది. ఎందుకంటే చాలా రాత్రులు తనకి తాను చెప్పుకున్న మాటే అది, అక్షరం పొల్లుపోకుండా.

అసలు ఆ కార్డులెవరివో చెప్పుకోవాలి. ఆమెకి ఎనిమిదేళ్ళప్పుడు బిస్కెట్ పొట్లాలతో ఇచ్చే ఫుట్‌బాల్ కార్డుల కోసం వీధి వీధంతా కొట్టుకునేది. అందరికీ గోల్స్ కొట్టేవాళ్ళ కార్డులే కావాలి. ఆమె మాత్రం ఎవరూ ముట్టుకోని రిజర్వ్ గోల్‌కీపర్లని అడిగి తెచ్చుకునేది. సీజనంతా బెంచీ మీద కూర్చునేవాళ్ళు, అసలు గోల్‌కీపర్‌కి కాలు బెణికితే తప్ప గడ్డి మీద అడుగుపెట్టనివాళ్ళు. అయినా కార్డు ఫొటోలో గ్లవ్స్ తొడుక్కుని, మోకాళ్ళు వంచి, బంతి ఇప్పుడే వచ్చేస్తున్నట్టు చూస్తూ ఉంటారు. ఆ చూపు ఆమెకి తెలుసు, తనూ స్కూల్లో గోల్‌కీపరే. ఒకరోజు చిటికెనవేలు వాచి ఇంటికొస్తే వాళ్ళమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. "వేలు విరిగితే వయొలిన్ ఎవరు వాయిస్తారే!" అంతటితో ఆట సరి.

మళ్ళీ బంతి పట్టింది ఉద్యోగంలో చేరాకే. రిహార్సల్ మధ్యలో టీ విరామానికి హాలు వెనక ఖాళీ జాగాలో బాకాలవాళ్ళూ తీగలవాళ్ళూ రెండు జట్లుగా ఆడేవాళ్ళు. చెల్లో వాద్యాల ఖాళీ పెట్టెలు రెండు నిలబెడితే అదే గోల్. ట్రంపెట్ వాయించే కుర్రాడొకడు వచ్చి బలంగా పెనాల్టీ కొట్టాడు. ఆమె ఎడమవైపు దూకి పట్టేసింది. "ఆ బంతి పట్టినందుకే దీన్ని కట్టుకున్నాను" అని ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తాడు. పెళ్ళయిన నెలకే, "ఇంక నువ్వాడకు, వేళ్ళు జాగ్రత్త" అన్నాడు. పాపం, ఎంత శ్రద్ధో! ఆ వేళ్ళు కూరలు తరిగే కత్తికీ, కుక్కరు ఆవిరికీ, బట్టలు పిండడానికీ మాత్రం పనికొస్తూనే ఉన్నాయి, అక్కడ ఎవరికీ భయం వెయ్యలేదు.

అతను కూడా కార్డులు కూడబెట్టేవాడే. పేరున్న ఆటగాళ్ళవి ఏరికోరి కొనేవాడు. కాపురానికి వచ్చినప్పుడు ఆమె పెట్టెలు అతని అలమరలో చేరాయి. మొదట్లో 'మన కార్డులు' అనేవాడు. కొన్నాళ్ళకి 'మా ఇంట్లో కార్డులు' అన్నాడు. ఎప్పుడు 'నా కార్డులు' అయ్యాయో ఆమె సరిగ్గా గమనించలేదు, పనిలో ఉండి ఉంటుంది. ఒక్కొక్క కార్డుకీ ప్లాస్టిక్ తొడుగు వేసేదీ, చెమ్మ తగలకుండా చూసేదీ, ఎవరిది ఏ జట్టు, ఏ సంవత్సరం, ఏ పెట్టె, ఎన్నో వరస అని నోటు పుస్తకంలో రాసేదీ ఆమే. కమానుకి రుద్దే రోజిన్ పొడి వేళ్ళకి అంటుకుంటుందని, సాధన అయ్యాక సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటే తప్ప కార్డు ముట్టుకోదు.

పదింటికి ఫోన్ వచ్చింది. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం, కాస్త ఆలస్యమవుతుంది అని పత్రికవాళ్ళు.

"అమ్మయ్య" అంది ఆమె.

అన్న తరవాత గుండె ఝల్లుమంది. ఎందుకన్నట్టు? వాళ్ళు ఆలస్యమైతే తను ఆలస్యమవుతుంది. తను ఆలస్యమైతే నంబరు కొట్టేస్తారు. మరి ఎందుకు భుజాలు ఒక్కసారిగా తేలికపడ్డాయి? తుడుస్తున్న గుడ్డ పట్టుకుని అలాగే నేల మీద కూలబడింది. ఇంతకుముందు రెండుసార్లు కుర్చీ ఖాళీ అయింది. మొదటిసారి అత్తగారికి జ్వరం. ఆడపడుచు వచ్చి ఉంటానంది, "ఫరవాలేదొదినా, నేనుంటాను" అన్నది ఎవరు? తనే. రెండోసారి అతనికి పైఊళ్ళో కచేరీ. "నువ్వూ వస్తే బాగుండు" అన్నాడు, అంతే. మారు మాట్లాడకుండా సంచి సర్దుకున్నది ఎవరు? రెండుసార్లూ వెక్కి వెక్కి ఏడ్చింది. నన్ను వెళ్ళనివ్వలేదని కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. అది అబద్ధం కాదు. బయట తలుపు వేసినవాళ్ళు వేశారు. కానీ లోపల గడియ పెట్టుకున్నది తనే. వాయించకపోతే ఓడిపోవడం ఉండదుగా! పదకొండేళ్ళుగా ఆఖరి కుర్చీలో కూర్చుని, నన్ను పోనిచ్చి ఉంటేనా అనుకుంటూ ఎంత హాయిగా ఉంది! ఆ హాయి తలుచుకుంటే ఆమెకి సిగ్గేసింది, తన మీద తనకే ఒళ్ళు మండింది. ఇంత భయాన్ని ఇన్నాళ్ళూ త్యాగం అని పిలుచుకుందా?

పత్రికవాళ్ళు వచ్చేసరికి పదకొండు కావడానికి పది నిమిషాలుంది. విలేకరి నడివయసు ఆవిడ, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఉంది. వెంట ఒక ఫొటోగ్రాఫర్. భర్త ట్రంపెట్ పక్కన పెట్టి, చేతులు పంట్లానికి రాసుకుని, నవ్వుతూ ఎదురెళ్ళాడు. ఆమె మధ్యగదిలో అలమర దగ్గర నిలబడింది. అతను పిలవడం, ఆమె పెట్టె అందించడం, మళ్ళీ గుమ్మం వెనక్కి వెళ్ళడం.

"మాది వాయించే చెయ్యీ, ఆడే కాలూ అండీ" అన్నాడు అతను ఉత్సాహంగా. "ఇదంతా చిన్నప్పటినుంచీ పోగేసిందే."

"ఈ పెట్టెలో అందరూ గోల్‌కీపర్లేనే! ఎవరూ తెలిసినవాళ్ళలా లేరు" అంది విలేకరి. "వీళ్ళెవరు?"

"వాళ్ళా... అంటే... పాతకాలంవాళ్ళు. బాగా ఆడేవాళ్ళు" అంటూ అతను తొడుగులోంచి ఒక కార్డు బయటికి లాగాడు. బొటనవేలు సరిగ్గా ఆటగాడి మొహం మీద పెట్టాడు.

"అంచులు పట్టుకోండి! చేతులు కడుక్కోలేదు మీరు, మీటల నూనె!"

గుమ్మం దాటి వచ్చేసి మరీ అరిచింది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. అతను ఉలిక్కిపడి కార్డు వదిలేశాడు. ఆమె గాలిలోనే పట్టుకుని, అంచులు రెండువేళ్ళతో ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది. మొహం మీద గుండ్రంగా వేలిముద్ర, జిడ్డుగా మెరుస్తూ.

"మా ఆవిడ, మా బృందంలోనే ఆఖరి వరుస వయొలిన్. ఇవన్నీ సర్దుతూ ఉంటుంది లెండి, అందుకని బెంగ" అని అతను నవ్వాడు.

విలేకరి నవ్వలేదు. కళ్ళజోడు కిందికి దించుకుని ఆమె వంక చూసింది. "ఈయనెవరండీ?"

"మూడేళ్ళు బెంచీ మీదున్నాడు. ఆడింది ఒక్కటే మ్యాచ్, అదీ రెండో సగం" అంది ఆమె. "వీళ్ళంతా రిజర్వులే. ఈయనకి కుడివైపు దూకడం రాదు. అందుకే ఫొటోలో కూడా బరువంతా ఎడమకాలి మీదే వేసుకున్నాడు, చూడండి."

విలేకరి ఒంగి చూసింది. ఫొటోగ్రాఫర్ కూడా చూశాడు.

"ఇవి మీవి" అంది విలేకరి. ప్రశ్నలా అనలేదు. "నా కథ ఇదేనండీ. ఆఖరి వరుసలో వయొలిన్ వాయించే ఆవిడ, బెంచీ మీద కూర్చున్న గోల్‌కీపర్లు! మీరు ఇలా మధ్యలో నిలబడండి. వయొలిన్ పట్టుకుని ఒక ఫొటో, మిమ్మల్ని నాలుగు మాటలు అడుగుతాను. ఎంత, ఒక్క అరగంట."

గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

పదకొండేళ్ళుగా ఎవరైనా ఈ మాట అనాలని ఆమె ఎంత ఆశపడింది! కార్డులు నీవి, కష్టం నీది, కూర్చో, చెప్పు, వింటాం. ఇన్నాళ్ళకి ఒక మనిషి ఇంటికొచ్చి మరీ అంటోంది. వాకిట్లోకి వచ్చిన మర్యాదని కాదనుకుని ఓడిపోవడానికి పరిగెత్తుకుని వెళ్ళడం పిచ్చి కాదూ? ఇక్కడుంటే వచ్చే ఆదివారం పేపర్లో తన ఫొటో. అక్కడికెళ్తే ఒక నల్లతెర, ఒక నంబరు, జారడానికి సిద్ధంగా ఉన్న వేలు.

"నిలబడు మరి" అన్నాడు భర్త. అతని మొహంలో కాస్త నొప్పి ఉంది, కాస్త పెద్దమనసు కూడా తెచ్చిపెట్టుకున్నాడు. "ఎప్పుడూ నీ పేరు చెప్పనంటావుగా! ఇప్పుడు చెబుతున్నాంగా!"

"చీర మార్చుకోమ్మా, ఆ పసుప్పచ్చది" అంది అత్తగారు నిజమైన సంతోషంతో. "పోనీలే, ఆ పరీక్ష ఎక్కడికి పోతుంది!"

అదిగో, అందరూ తలుపు వేస్తున్నారు, ఈసారి ఎంతో ప్రేమగా. ఆమె చెయ్యి లోపలి గడియ దాకా వెళ్ళింది కూడా. సరేనండీ అనడానికి నోరు తెరిచింది, ఆ తేలికతనం మళ్ళీ భుజాల మీదకి దిగుతుండగా దాన్ని గుర్తుపట్టింది.

"పేరు నాదని రాయండి" అంది విలేకరితో. తన పేరు మొత్తం ఇంటిపేరుతో సహా చెప్పి, ఆవిడ రాసుకునేదాకా చూసింది. "ఫొటోకి మాత్రం ఆగలేను. నాకు పనుంది."

కార్డుని తొడుగులో పెట్టి, పెట్టె మూసి, వయొలిన్ భుజానికి తగిలించుకుంది.

"మరి మిగతా కార్డులు?" అన్నాడు అతను కంగారుగా. "ఏది ఎక్కడుందో..."

"అలమర పై అరలో నోటు పుస్తకం ఉంది. అన్నీ రాసే ఉన్నాయి. చదువుకోండి. ముందు చేతులు కడుక్కోండి."

బస్సు దొరికింది. దిగాక హాలు దాకా పరిగెత్తింది. రొప్పుతూ చెప్పులు విప్పేసరికి ఆరో నంబరు లోపల వాయిస్తోంది. ఎవరో గానీ అద్భుతంగా వాయిస్తున్నారు. ఆ నాలుగో పంక్తి నీళ్ళు పారినట్టు వెళ్ళిపోయింది. ఫోన్ మోగింది, భర్త. ఎత్తి "వస్తున్నాను" అంటే చాలు, ఇప్పటికీ తిరిగి వెళ్ళిపోవచ్చు, ఇప్పటికీ ఇంటివాళ్ళ మీద పెట్టేయవచ్చు. ఫోన్ కట్టేసి సంచిలో అడుక్కి తోసింది.

"ఏడో నంబరు!"

వట్టి కాళ్ళతో తెర వెనక్కి నడిచింది. నేల చల్లగా ఉంది. అవతల పరీక్ష చేసే ముగ్గురు ఊపిరి బిగబట్టి కూర్చున్నారని తెలుస్తోంది. అరచేతులు తడిగానే ఉన్నాయి, భయం రవ్వంతైనా తగ్గలేదు. అలాగే కమాను ఎత్తింది. బాగా వాయిస్తే అది తన గొప్ప. వేలు జారిందా, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ ఓటమి అత్తగారిదీ కాదు, మొగుడిదీ కాదు. అచ్చంగా తనదే.