పెట్టని పెట్ట

మా ఇంట్లో ఒక కోడి ఉంది. గుడ్లు పెట్టడం మానేసి రెండేళ్లయింది, అయినా పేరు మాత్రం పెట్టే. నా భార్య గంగాదేవి దానికి గౌరి అని ఇంకో పేరు కూడా పెట్టింది. మాది యాడికి మండలం. నీళ్ల ట్యాంకరు యాడికి పోయిందో ఏనాడూ తెలియదు. అది వచ్చిన రోజు మొదటి చెంబు గౌరికే. నేను మంచమెక్కితే పొడిచి దింపుతుంది. గుడ్డు ఉడిగినా మా ఆవిడ గుడ్డి ప్రేమ ఉడగలేదు.

ఒకసారి కోద్దామని కత్తి నూరాను. ఆరోజే గంగాదేవి దాని కాలికి పసుపు దారం కట్టేసింది. చేలో బోరుకు నీళ్లు పడితే ఊరి దేవత సుంకులమ్మకు బలి ఇస్తానని మొక్కుకుందట. మొక్కిన కోడిని ఇంట్లో కోయకూడదు. అప్పటికే నాలుగు బోర్లు వేయించి దుమ్ము తప్ప చూడనివాణ్ణి నేను. మొక్క మొలవని నేలలో మొక్కు మొలిచింది. కరువున్నంత కాలం గౌరికి ఆయుష్షే.

ఉగాది వెళ్లాక ఐదో బోరుకు నీళ్లు పడ్డాయి. బురద ముఖాన చిమ్ముతుంటే నాకు మొదట గుర్తొచ్చింది వేరుశనగ కాదు, గౌరి. ఏడుస్తుందనుకున్న గంగాదేవి నింపాదిగా కోడిని బుట్టలో పెట్టి గుడికి నడవమంది. అమ్మకు రక్తం, మనకు పులుసు అనుకుంటూ మసాలా పొట్లం జేబులో వేసుకున్నాను.

పూజారి సుంకప్ప కోడి పొట్ట తడిమి చూశాడు.

"సోమన్నా, ఇది గుడ్డుడిగిన పెట్ట. మా ఊర్లో ముసల్దాన్ని అమ్మకు కోసేది ల్యా. ఈడనే వదిలేసి పోవాల."

నేను గంగాదేవి వైపు తిరిగాను. "నీకు ముందే తెలుసునా?"

"నేను పుట్టింది ఈ ఊర్లోనే గదప్పా. ఇల్లరికమొచ్చింది నువ్వు."

వదిలేసి వచ్చాం. పొట్లం జేబులోనే ఉండిపోయింది. పోనీ, మంచమైనా దక్కిందని నడుం వాల్చబోతుంటే సందు మలుపులో కొక్కొక్కో అని వినబడింది. పసుపు దారంతో సహా గౌరి నడిచొచ్చేసింది. నేను బుట్ట అందుకున్నాను. గంగాదేవి అడ్డం నిలబడింది.

"తాకొద్దు. అది ఇంక మనది కాదు, అమ్మది. ఆయమ్మే పంపించినాది."

అమ్మది కాబట్టి అమ్మడానికి లేదు. కోయడానికి లేదు, అదిలించడానికీ లేదు. మేత మాత్రం నాది. కొత్త బోరు నీళ్లు మొదటి చెంబు తాగి గౌరి నా మంచమెక్కింది. నేను చాప వెతుక్కున్నాను.