క్రిస్టఫర్ ఎడమ పాదం

థిర్జా గెడ్జ్‌కి ఓపిక అయిపోయింది. ఊరి చర్చి బాగోగులు చూసే పని ఆమెది. ఉత్తరపు గోడకి బయట పూసిన సిమెంటు ఊడగొట్టాలని నాలుగేళ్లుగా మొత్తుకుంటోంది. పైవాళ్ల అనుమతి కూడా తెచ్చింది. ఇక కావలసింది ఊరి కమిటీ ఒప్పుకోలు. కమిటీ టీ తాగుతుంది, నిమ్మకాయ కేకు బాగుందంటుంది, వచ్చే నెల చూద్దామంటుంది.

ఆ గోడ చెకుముకి రాళ్లతో, సున్నంతో కట్టింది. ఏడువందల ఏళ్లు వాన తాగింది, ఎండకి కక్కింది. లోపలివైపు గోడమీద రంగులతో వేసిన, పసివాణ్ణి భుజానెత్తుకుని ఏరు దాటే సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ. బొమ్మలు పాపమని ఒకప్పుడు రాజు మనుషులు దానిమీద సున్నం కొట్టేశారు. ఆ సున్నమే దాన్ని కాపాడింది. ఇప్పుడు చంపుతున్నది శత్రువులు కాదు, భక్తులు. పంతొమ్మిదివందల అరవై రెండులో హోరెస్ లార్టర్, ఇంకో పదిమంది కుర్రాళ్లు సెలవులన్నీ ధారపోసి ఆ సిమెంటు మెత్తారు. అప్పట్నుంచి లోపల చేరిన తేమకి బయటికి దారి లేక బొమ్మవైపే ఊరుతోంది, బొమ్మ పెళ్లలుగా రాలుతోంది.

ఇది అందరికీ తెలుసు. సమావేశాల్లో ‘గోడ మరమ్మతు’ అంటారే తప్ప, తప్పు సిమెంటుదని చెప్పే నోరే లేదు, థిర్జాకి కూడా. ఎనభై దాటిన హోరెస్ ప్రతి సమావేశంలో ముందు వరసలో కూర్చుంటాడు మరి. ఆయన నొచ్చుకుంటాడట. గోడ నొచ్చుకుంటే ఫరవాలేదు.

ఆ మంగళవారమూ వాయిదా వేశారు. థిర్జా లేచి వెళ్లి, బొమ్మ కింద రాలిన పెళ్లలు పళ్లెంలోకి ఎత్తి తెచ్చి, కేకు పక్కన పెట్టింది.

"ఏంటిది?" అన్నాడు హోరెస్.

"క్రిస్టఫర్ ఎడమ పాదం. నిన్నటిదాకా ఏట్లో ఉంది. మీ సిమెంటు వల్ల రాలింది."

పెద్దాయన ముందు ఇవన్నీ ఎందుకని ఒకావిడ గొణిగింది.

"నా ముందు కాక ఇంకెవరి ముందు పెడుతుంది?" హోరెస్ ఒక పెళ్ల అరచేతిలోకి తీసుకుని వెలుగుకి పట్టి చూశాడు. "అంటే ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. పిల్లా, నాలుగేళ్లు ఈ కేకుల రాయుళ్ల చుట్టూ తిరిగావే, ఒక్కసారి నా తలుపు కొట్టలేకపోయావా?"

ఆ మాట నిజమే. అందుకే థిర్జాకి ఒళ్లు మండింది.

ఓటు పెట్టమని చెప్పి హోరెస్ తనే ముందు చెయ్యెత్తాడు. మిగతా చేతులు టపటపా లేచాయి. తెగువ కాదది, ఆయన ఎత్తాడు కదా అని.

మర్నాడు పొద్దున్నే ఆయన గోడ ముందు స్టూలేసుకుని మొదటి పెచ్చు ఊడగొట్టాడు. వెనక సున్నం తడి ముద్దలా జారింది. థిర్జా ఉలి అందుకుంది.

"అలా కాదు, ఏటవాలుగా పట్టు," అన్నాడు విసుగ్గా. "పూసినవాణ్ణి నేను. ఎక్కడ పల్చగా పూశామో నాకు తెలుసు."