ఏడో ప్రోగ్రాంలో లేని లైను

2014 ఆగస్టు 9, శనివారం. మధ్యాహ్నం గోంగూర పప్పు, చల్ల మిరపకాయలు. ఆ తేదీ మా కాలేజీ జావా ల్యాబ్ మాన్యువల్ మొదటి పేజీలో ఉంది. ఇంట్లో కూర్చుని టైపు చేసింది నేనే. ఏడో ప్రోగ్రాం సగంలో ఉండగా, అన్నం చల్లారిపోతోందని నా భార్య రేచల్ రెండుసార్లు పిలిచింది. తిని వచ్చి ఎనిమిదోది మొదలుపెట్టాను. ఆమె పోయి నాలుగేళ్లయింది. మాన్యువల్ మాత్రం నరసరావుపేటలో ఇంకా నడుస్తోంది. సిలబస్ మారినప్పుడల్లా అట్ట మార్చాం, లోపలి పేజీలు మార్చలేదు.

ఏడోది ఇన్‌హెరిటెన్స్. ప్రోగ్రాంలో క్లాసంటే ఒక అచ్చు లాంటిది. 'మనిషి' అనే క్లాసులో పేరు ఉంటుంది. దాని నుంచి 'విద్యార్థి' క్లాసు వస్తుంది. పేరు కోసం మళ్లీ రాయనక్కర్లేదు, పైనుంచే అందుతుంది. కాకపోతే విద్యార్థిని తయారుచేసే చోట, ముందు మనిషిని తయారుచేయమని 'సూపర్'తో మొదలయ్యే ఒక లైను రాయాలి. అది లేకపోతే ఆ ప్రోగ్రాం కంపైలే కాదు, మిషను దాన్ని తీసుకోదు.

ఈ మార్చిలో ప్రాక్టికల్స్. అరవై ఒక్కమంది పిల్లలు, పనిచేసే సిస్టమ్స్ పదకొండు. అందుకే కాగితం మీద రాయిస్తాం. వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్, దిద్దడం తేలికని అందరికీ ఏడోదే ఇచ్చాడు. అరవై మంది మాన్యువల్లో ఉన్నట్టే దించారు, అవుట్‌పుట్‌తో సహా. మాచవరం నుంచి బస్సులో వచ్చే సుస్మిత ఒక్కతే, మాన్యువల్లో లేని ఆ 'సూపర్' లైను రాసింది.

ఎక్స్‌టర్నల్ ఆ లైను కొట్టేసి యాభైకి పన్నెండు వేశాడు. అంటే ఫెయిల్. ఆమెకు హైదరాబాద్‌లో ఉద్యోగం ఖాయమైంది. ఒక్క పేపరు తప్పినా అది పోతుంది.

"మాన్యువల్లో లేనిది నీ సొంతంగా రాస్తావా?" అన్నాడు వైవాలో.

"మాన్యువల్లో ఉన్నది నడవదు సార్. నేను కొట్టి చూశాను."

"చానా తెలివిగలదానివే. పదేళ్లుగా రాసినోళ్లంతా ఎర్రోళ్లా?"

ఆమె తల దించలేదు, కళ్లు మాత్రం నిండాయి. అటెండర్ అబ్దుల్ జబ్బార్ ఫ్యాను ఆమె వైపు తిప్పాడు.

నేను లేచి ఒక సిస్టమ్ ముందు కూర్చుని ఏడో ప్రోగ్రాం ఉన్నదున్నట్టు కొట్టాను. ఎర్రర్ వచ్చింది. సుస్మిత లైను చేర్చాను. పేరు, నంబరు తెర మీద పడ్డాయి. నాకు కోపం వచ్చింది. ఆ కోపం అతనొక్కడి మీదే కాదు. ఏ మిషను మీదా ఎప్పుడూ రాని ఆ అవుట్‌పుట్ కింద, ఇన్నేళ్లూ రికార్డు తర్వాత రికార్డులో ఎర్ర టిక్కు పెట్టి సంతకం చేసిన చెయ్యి ఇదే. నడిపి చూసిన పిల్లలు ఇంకెవరైనా నాకు చెప్పబోయి, భయపడి మానుకున్నారేమో.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ జక్కయ్య నన్ను వరండాలోకి పిలిచాడు. గొడవ వద్దన్నాడు. ఆ పిల్ల సప్లిమెంటరీ రాసుకుంటుందన్నాడు. ఆమెకు మార్కులేస్తే మిగతా అరవై మందిదీ తప్పని మనమే ఒప్పుకున్నట్టవుతుందన్నాడు.

"ఒప్పుకుందాం. ఆ తప్పు వాళ్లది కాదు, నాది. వాళ్ల మార్కులు ఉంచండి. ఈమెవి మార్చేదాకా మార్కుల లిస్టు మీద నా సంతకం పడదు."

"ఏంది మాస్టారూ, ఎన్నడూ లేంది మీరు కూడా."

లోపలికి వెళ్లి, పెన్ను జేబులో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా నా సంతకం లేకుండా లిస్టు యూనివర్సిటీకి పోదు. ఎక్స్‌టర్నల్ వినుకొండ బస్సు అందుకోవాలి. సాయంత్రం ఐదింటికి ఆ పన్నెండు కొట్టేసి నలభై ఆరు వేశాడు, ఆమె మొహం చూడకుండా.

క్షమించమని ఎవరూ అనలేదు. నేనే అన్నాను. సుస్మిత విని, "మాన్యువల్ మారుస్తారా సార్?" అని మాత్రం అడిగింది. గొంతులో కోపం అలాగే ఉంది. నాకది న్యాయమే అనిపించింది.

బీరువాలో మాన్యువల్ కాపీలు ముప్పై రెండున్నాయి. ఒక్కొక్కటీ తీసి ఆ లైను పెన్నుతో రాస్తూ కూర్చున్నాను. మధ్యలో జబ్బార్ రంజాన్ ఉపవాసం విడిచి వచ్చి, ఒక ఖర్జూరం నా మోచేతి పక్కన పెట్టాడు. ఇంటికి వెళ్లే వేళ దాటినా తొందరపెట్టలేదు. చివరి కాపీ మూసి నేను బయటికి వచ్చాక లైట్లు ఆర్పి, చప్పుడు కాకుండా ల్యాబ్ తలుపు వేశాడు.