తిరగేసిన డ్రమ్ములు

తెర లేవడానికి ఇంకాసేపే ఉందనగా తమ్ముడు ఆ మాట చల్లగా చెప్పాడు.

"అక్కా, ఇవాళ్టి నుంచి డ్రమ్ముల దగ్గర కొత్తాయన కూర్చుంటాడు. నువ్వు ముందు వరసలో కూర్చుని హాయిగా విను."

అక్కను అందరూ పిడుగు అంటారు. అరవై దాటాయి. బ్యాండు తమ్ముడిదే అయినా, ఆమె కర్రలు టకటకలాడనిదే అందులో ఒక్క పాటా మొదలయ్యేది కాదు. నిరుడు కుడి భుజం పట్టేసింది. ఆ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు.

"ఎవర్నడిగి పెట్టావురా?"

"నీ చేతినే అడిగాను."

పిడుగు తెర వెనక్కి నడిచింది.

చిన్నప్పుడు బల్ల మీద దరువేస్తోందని నాన్న ఆమె కుడి చేతి మీద స్కేలుతో కొట్టాడు. ఏడవలేదు. ఎడమ చేత్తో వాయించింది. ఈ ఏడాదంతా చేసిందీ అదే. ఆమె తలగడల్ని ఎడమ చేత్తో బాదుతుంటే దుమ్ము దులుపుతోందనుకున్నారు ఇరుగుపొరుగు.

వేదిక మీద ఎవరూ లేరు. మోకాలితో, తుంటితో డ్రమ్ముల్ని నెట్టి, ఎడమ పక్కవి కుడికీ, కుడి పక్కవి ఎడమకీ మార్చేసింది.

కొత్తాయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఇత్తడి పళ్ళెంలాంటి చిన్న సింబల్ కోసం కర్ర ఊపితే గాలి తగిలింది.

"ఇదేంటండీ, అద్దంలో చూసినట్టుంది!"

తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ఇది నీ పనేనా?"

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇదే నా పని."

"ముందు సర్దు!"

"సర్దుతా. ఈలోగా నువ్వెళ్ళి జనానికి కథలు చెప్పు."

గంట మోగింది. కొత్తాయన నవ్వుతూ లేచి స్టూలు చూపించాడు. "కానివ్వండమ్మా. నాకిది ఇప్పటికిప్పుడు రాదు."

"తప్పావో, పరువు గంగలో కలుస్తుంది," తమ్ముడు పళ్ళు కొరికాడు.

"నేను తప్పను. నువ్వే తోక తొక్కిన కోతిలా పరుగెత్తకు."

తెర లేచింది. కర్రలు టకటకలాడాయి. తమ్ముడు పాట అందుకున్నాడు. ఎడమ చెయ్యి పైన పరుగులు తీస్తుంటే, కుడి చెయ్యి మోకాళ్ళ మధ్యనున్న డ్రమ్ము మీద బుద్ధిగా దెబ్బ వేసింది. తమ్ముడు వెనక్కి చూడ్డం మానేశాడు.

ముగింపు దగ్గరపడుతుండగా పిడుగు కుడి పక్కకి చూసింది. హడావిడిలో పెద్ద సింబల్‌ను మార్చడం మరిచిపోయింది. ఆఖరి దెబ్బ దాని మీదే పడాలి. అది కుడి పక్కన, తలకన్నా ఎత్తులో ఉంది.

తమ్ముడు చివరి మాట పాడి భయంగా తల తిప్పాడు.

పిడుగు స్టూలు తన్నేసి లేచింది. ఒళ్ళంతా మెలితిప్పి, ఎడమ చేత్తో అడ్డంగా ఒక్కటిచ్చింది. హాలు అదిరింది.

సింబల్ ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని ఎడమ పక్కకి లాక్కుంటూ అడిగింది పిడుగు:

"తర్వాతి పాట ఏదిరా?"