మూడు మాటల రేకు

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఎవరు రిటైరైనా భోజనాల గది గోడకి ఓ ఇత్తడి రేకు బిగిస్తారు. దాని మీద పేరు, పేరు కింద మూడంటే మూడు మాటలు. ఇన్నేళ్ల చాకిరీకి అంతకన్నా చోటు లేదట. ఆ మాటలూ ఆఫీసువాళ్లే రాస్తారు: విధేయత, ఓర్పు, సేవ. అందరికీ అవే. సూపర్‌వైజరు గారి చెంప ఛెళ్లుమనిపించిన బొత్తాలు కుట్టే ఆవిడ పేరు కింద కూడా ఓర్పే ఉంది.

ఇవాళ కత్తెరమ్మ వంతు. గుడ్డ కత్తిరించే బల్ల దగ్గరే జీవితమంతా నిలబడింది కాబట్టి ఆ పేరు. నోరు చూసి పెట్టారని గిట్టనివాళ్లంటారు.

పక్క కుర్చీలో ఆవిడ తోటికోడలు. ఇస్త్రీ సెక్షను మనిషి. "అక్కా, నీకు పుణ్యముంటుంది, ఇవాళొక్కరోజు నోరు మెదపకు. నాకింకా ఏడాది సర్వీసుంది," అని గొణిగింది.

"మెదపనులే," అంది కత్తెరమ్మ. నిజంగానే అలా అనుకుంది కూడా.

మేనేజరు రేకు మీది గుడ్డ తీశాడు. చప్పట్లు మోగాయి. అంతటితో ఊరుకున్నా బావుండేది, కానీ మైకు దొరికితే వదిలే రకం కాదాయన. ఈ మధ్య సరుకు మాయమవుతోందని, వచ్చే నెల నుంచి పనివేళల్లో హాలు తలుపుకి బయట తాళం వేస్తామని, మన కత్తెరమ్మ గారిలాగే అందరూ సహకరించాలని చెప్పాడు.

కత్తెరమ్మకి ఒళ్లు మండిపోయింది.

ఆ తాళం ఆవిడెరుగనిది కాదు. వెనకటికి అది వేసి ఉండగానే ఇస్త్రీ బల్ల దగ్గర గుడ్డల మూటలు అంటుకున్నాయి. లోపల ఆడవాళ్లు తలుపు బాదుతుంటే బయట కావలివాడు తాళంచెవి కోసం ఆఫీసుకి పరిగెత్తాడు. కత్తెరమ్మ ఇనప స్టూలెత్తి గొళ్లెం ఊడేదాకా తలుపును కొట్టింది. అందరూ బతికారు. మర్నాడు, ఆస్తి పాడుచేసినందుకు క్షమాపణ రాసిమ్మన్నారు. ఇవ్వలేదు. పనిలోంచి తీసేశారు. గేటు ముందు ఎండకి ఎండి, ఇక తాళం వెయ్యబోమని ఒప్పించాకే మళ్లీ లోపల అడుగుపెట్టింది.

ముందు వరస పిల్లలకి ఇదేమీ తెలియదు. రేపు గోడ చూసి, పాపం, చెప్పినట్టు వినే మనిషట అనుకుంటారు. తాళం పడుతుంటే తలొంచుకుని కుట్టుకుంటారు. అదీ ఆవిడ కడుపుమంట.

లేచి మైకు లాక్కుంది.

"అది నా రేకు కాదు సార్. నాది నేను చెప్తా, రాసుకోండి. తలుపు పగలగొట్టాను. క్షమాపణ చెప్పలేదు. ఓ మాట ఎక్కువైంది, సర్దుకోండి."

తర్వాత పిల్లల వైపు తిరిగి జరిగిందంతా చెప్పింది. మేనేజరు మొహం మాడిపోయింది.

"ఇలాంటివి గోడ మీద పెట్టలేమమ్మా. పిల్లలు చెడిపోతారు."

"చెడిపోనివ్వండి. మంచిపిల్లలై లోపల కాలిపోయే కంటే నయం."

"అయితే మీ రేకే ఉండదు."

"పీకేయండి. ఉత్త గోడ నా గురించి అబద్ధమైనా చెప్పదు."

మేనేజరు తోటికోడలి వైపు చూశాడు. "మీరైనా నచ్చజెప్పండమ్మా మీ అక్కకి."

ఆవిడ లేచింది. ఆ రోజు మంటలు లేచింది ఆవిడ బల్ల దగ్గరే. ఇప్పటిదాకా ఆఫీసువాళ్ల ముందు గొంతెత్తి ఎరగదు. మిగిలిన ఏడాది సర్వీసు గుర్తొచ్చి, ఈసారి కత్తెరమ్మే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఆవిడ విడిపించుకుంది.

"వచ్చే ఏడు నా వంతు సార్. నా రేకు కూడా ఇప్పుడే రాయించండి," అంది. "నాకు రెండు మాటలు చాలు. మళ్లీ పగలగొడతాం."