నీలం తిరిగిన గెలాక్సీ

పదకొండింటికి ప్రసంగం. చివరిసారి చూసుకుందామని పరిశోధకురాలు ఎనిమిదింటికే కంప్యూటర్ ముందు కూర్చుంది.

పన్నెండేళ్లుగా ఆవిడ కనిపెట్టుకుని ఉన్నది ఒక్క గెలాక్సీనే. దాని నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం చుట్టూ వాయువు సుడితిరుగుతూ ఒకసారి భగ్గుమంటుంది, ఒకసారి మందగిస్తుంది. ఏడో ఏట అక్కడి వెలుగు పెరిగి, ఉన్నట్టుండి నీలం తిరిగింది. ఇవాళ చెప్పబోయేది ఆ సంగతే. తీరా చూస్తే, గెలాక్సీని తీసిన ఫొటోల్లోనే పక్కనున్న మామూలు నక్షత్రాలు కూడా అదే వారం నుంచి కాస్త నీలం తిరిగాయి. అవి మారకూడదు. మారాయంటే తేడా ఆకాశంలో లేదు, టెలిస్కోపులో ఉంది.

ఆ టెలిస్కోపు పనులు చూసి రిటైరైన మెకానిక్‌కి ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తింది.

"స్నానానికెళ్లారమ్మా. ఏం, గొంతు అలా ఉంది?"

"ఏం లేదు పిన్నిగారూ, రాగానే ఒక్కసారి చెయ్యమనండి."

ఇరవై నిమిషాలు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఆయన ఫోన్ రాగానే, ఏడో ఏట టెలిస్కోపులో ఏమైనా మార్చారా అని అడిగింది.

"ఆ ఏడు కెమెరా ముందుండే నీలం ఫిల్టరు అద్దం మసకబారితే కొత్తది వేశానమ్మా. రిజిస్టర్లో రాయమన్నానే!"

"ఎవరితో అన్నారు బాబాయిగారూ?"



"నీతోనేనమ్మా. పురిట్లో ఉన్నావప్పుడు. ఫోన్లో సరేనన్నావు."

ఆవిడకి ఆ ఫోనే గుర్తులేదు.

వెళ్లి తమ విభాగం పెద్దసారుకి చెప్పింది. ఆయన విని, తలుపు దగ్గరగా వేశారు. "ఎవరైనా పట్టుకున్నారా?"

"నేనే పట్టుకున్నాను సార్."

"అయితే ఇవాల్టికి కానిచ్చెయ్. తర్వాత సరిచేద్దాం."

ఆవిడ తన గదికి పరుగెత్తింది. నక్షత్రాల్లో వచ్చిన తేడాని గెలాక్సీ లెక్కలోంచి ఒక్కో ఫొటోకీ తీసేస్తూ పోయింది. ఏమీ మిగలకపోతే? పన్నెండేళ్లూ మట్టిలో కలిసినట్టే. పావుతక్కువ పదకొండుకి తేలింది: వెలుగు పెరగడం నిజం. నీలం తిరగడమూ నిజమే, కానీ తను అనుకున్నదాంట్లో మూడో వంతే.

వేదికెక్కి ముందుగా ఫిల్టరు సంగతే చెప్పింది. "రాయనిది నేనే" అంది. ప్రసంగం అయ్యాక వెనక వరుసలోంచి వేరే సంస్థ ఆయనొకరు లేచారు.

"మా టెలిస్కోపుతో ఆ ఏడు ఇదే గెలాక్సీని తీసిన ఫొటోలు ఉన్నాయండీ. పోల్చి చూస్తారా?"

పెద్దసారు టీ దగ్గర కూడా పలకరించలేదు.

ఆ ఫొటోలు నెలకి వచ్చాయి. నెలంతా ఆవిడకి ముద్ద దిగలేదు. వాటిలోనూ సరిగ్గా తను సరిచేసి చెప్పినంతే నీలం కనబడేసరికి, తలుపు తీసి ఉందన్న ధ్యాసైనా లేకుండా బల్లమీద తల వాల్చి ఏడ్చేసింది.