గొర్రెల పోటీ పద్ధతిలో డిగ్రీ

కాలేజీకి పంపాల్సిన ఫారంలో ఒక్క గడి మిగిలిపోయింది. బయాలజీ చదవడం ఖాయమే. ఆ కాలేజీలో దానికి రెండు రకాల డిగ్రీలూ ఇస్తారు. అది ఆర్ట్స్ డిగ్రీగానా, సైన్స్ డిగ్రీగానా? గడువు శుక్రవారం. నేను ఆర్ట్స్ దగ్గర పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టాను. అది అమ్మ కంటపడింది.

"డాక్టరయ్యే పిల్లకి ఆర్ట్స్ ఎందుకే? రోగులకి బొమ్మలేసి ఇస్తావా?" అంది, బంగాళాదుంపల చెక్కు తీస్తూ.

నేను ఉప్పు డబ్బా వైపు చూశాను. అడిగితే నేను ఇచ్చే జవాబు ఎప్పుడూ అంతే.

పక్కనే కూర్చున్న అమ్మ వాళ్ల నాన్న ఎమిల్ తాతయ్య నవ్వాడు. మా కౌంటీలో ఏటా జరిగే రైతుల సంతలో ముప్పై ఏళ్లు గొర్రెల పోటీకి జడ్జి ఆయన. ఆ పోటీలో పిల్లలు గొర్రెలను మంచి చెడ్డ చూసి వరుస పెడితే చాలదు. జడ్జి ముందు నిలబడి, కాగితం చూడకుండా కారణాలు చెప్పాలి. వాటికి యాభై మార్కులు. వెనకపడిన గొర్రెలోని మంచినీ ఒప్పుకోవాలి. ఐదేళ్లుగా నేనూ పోటీకి వెళ్తున్నాను, నా వరుస సరిగ్గానే ఉంది. కారణాల దగ్గరే నోరు పెగల్లేదు.

తాతయ్య కాలేజీ పంపిన రెండు కరపత్రాలను ఊరగాయ సీసాలకు ఆనించి నిలబెట్టాడు. "ఒకటో నంబరు సైన్స్, రెండోది ఆర్ట్స్. జడ్జి మీ అమ్మ. రెండు నిమిషాలు," అని గుడ్లు ఉడికించే టైమరు తిప్పాడు.

"నాన్నా, ఇవి గొర్రెలు కావు."

"గొర్రెలైతే నువ్వింత గొడవ చేసేదానివి కాదుగా."

లేచి, చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"ఈ జతలో రెండో నంబరు ముందు, ఒకటి తర్వాత. మెడిసిన్‌కి కావాల్సిన కెమిస్ట్రీ, ఫిజిక్స్ రెండింట్లోనూ చదవొచ్చు. అక్కడ సమానం. రెండో దాంట్లో రెండేళ్లు వేరే భాష తప్పనిసరి. నేను స్పానిష్ తీసుకుంటా."

"సైన్స్ చదువుతూ కూడా నేర్చుకోవచ్చుగా?"

"అందులో తప్పనిసరి కాదు. తప్పనిసరి కాకపోతే నేను మాట్లాడను."

తాతయ్య దగ్గాడు. అది నవ్వే.

"శనివారాలు క్లినిక్‌లో పేర్లు రాస్తాను కదా," అన్నాను. "సగం మంది మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే గ్వాటెమాలా కుటుంబాల వాళ్లే. మొన్న ఎవులాలియా అని ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని పొట్ట పక్కన పెట్టుకుంది. స్పానిష్‌లో చాలాసేపు చెప్పింది. అర్థంకాక కడుపునొప్పి అని రాశాను. తీరా చూస్తే పక్కటెముక విరిగింది. నా మొహం చూసి నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది."

అమ్మ చేతిలో దుంప తిరగడం ఆగింది.

"ఒకటో నంబరులో మంచి ఒప్పుకుంటున్నా. ఎముక గట్టిది. ల్యాబ్ పని ఎక్కువ. మెడిసిన్ సీటు రాకపోతే ఉద్యోగం తొందరగా దొరుకుతుంది. అమ్మ భయం అదే. అది ఉత్తి భయం కాదు."

టైమరు మోగింది.

"యాభైకి నలభై ఏడు," అంది అమ్మ.

"మూడెందుకు కోశావే?" అన్నాడు తాతయ్య.

"నన్ను చూసి చెప్పలేదు. ఉప్పు డబ్బాకి చెప్పింది."

తడి చేత్తోనే పెన్ను నా వైపు జరిపింది. "చుక్క కాదు. గట్టిగా టిక్కు పెట్టు."